కోర్సులకు కొదవ లేదు, పని నేర్చుకునే చోటే తగ్గుతోంది

క్లుప్తంగా

కొత్త టెక్నాలజీ వచ్చినప్పుడల్లా ఉద్యోగులకు కొత్త కోర్సులు చెప్పించాలనే మాట వినిపిస్తుంది. ఇన్నేళ్ల అనుభవం చూస్తే కోర్సుల కొరత పెద్ద సమస్యగా కనిపించదు. శిక్షణకు డబ్బు, సమయం ఎవరు పెట్టుకోవాలన్నది మొదటి చిక్కు. నేర్చుకున్నదాన్ని చేసి చూసే అవకాశాన్ని ఆ టెక్నాలజీయే తగ్గించేయడం రెండోది. మొదటి చిక్కుకు కొన్ని దేశాలు దారులు వెతికాయి. రెండోదాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

వరల్డ్ ఎకనామిక్ ఫోరమ్ 2025 జనవరిలో విడుదల చేసిన ఉద్యోగాల నివేదికలో ఒక లెక్క బాగా ప్రచారమైంది. ఉద్యోగులకు ఇప్పుడున్న ముఖ్యమైన నైపుణ్యాల్లో 39 శాతం 2030 నాటికి మారిపోతాయని, లేదంటే పాతబడిపోతాయని అందులో ఉంది. ప్రపంచంలోని ఉద్యోగులంతా 100 మంది అనుకుంటే వారిలో 59 మందికి ఏదో ఒక శిక్షణ అవసరమని, 11 మందికి అది అందకపోవచ్చని కూడా చెప్పింది. ఈ అంకెలు చదివి టెన్షన్ పడేముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇవి ఎవరో కొలిచి తేల్చినవి కావు. వెయ్యికి పైగా సంస్థల యాజమాన్యాలను అడిగి రాబట్టిన అంచనాలు. అయితే అంచనా కాస్త అటూఇటూ అయినా అసలు ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది. మారుతున్న పనిని మనుషులు ఎక్కడ, ఎవరి ఖర్చుతో నేర్చుకోవాలి?

పోయేది ఉద్యోగమా, అందులో కొంత పనా?

టెక్నాలజీ సాధారణంగా ఒక ఉద్యోగాన్ని ఒకేసారి తీసేయదు. ఆ ఉద్యోగంలోని కొన్ని పనులను తీసుకుంటుంది. మిగిలిన పనుల విలువ పెరుగుతుందా, తగ్గుతుందా అన్నదాన్ని బట్టే ఉద్యోగి భవిష్యత్తు ఉంటుంది.

దీనికి తరచూ చెప్పే ఉదాహరణ ఏటీఎం. 1967లో లండన్ శివార్లలోని ఎన్‌ఫీల్డ్‌లో బార్క్లేస్ బ్యాంకు మొదటి నగదు యంత్రాన్ని పెట్టింది. డబ్బు లెక్కపెట్టి ఇచ్చే కౌంటర్ క్లర్కుల పని అయిపోయినట్టేనని చాలామంది అనుకున్నారు. అమెరికాలో జరిగింది వేరు. ఆర్థికవేత్త జేమ్స్ బెస్సెన్ లెక్కల ప్రకారం అక్కడి పట్టణాల్లో ఒక బ్యాంకు శాఖకు 1988లో సగటున 20 మంది క్లర్కులు ఉంటే, 2004 నాటికి 13 మందే మిగిలారు. శాఖ నడపడం చౌక కావడంతో బ్యాంకులు శాఖలను 43 శాతం పెంచాయి. దాంతో క్లర్కుల మొత్తం సంఖ్య పడిపోలేదు, వారు చేసే పని మాత్రం మారింది. నోట్లు లెక్కపెట్టడం తగ్గి, ఖాతాదారులతో మాట్లాడి వారికి రుణాలు, కార్డులు అమ్మడం పెరిగింది. ఈ కథను చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మొబైల్ బ్యాంకింగ్ వచ్చాక శాఖలే తగ్గాయి, క్లర్కుల ఉద్యోగాలూ తగ్గాయి. ఒక టెక్నాలజీ కాపాడిన ఉద్యోగాన్ని ఇంకో టెక్నాలజీ వదిలిపెట్టలేదన్నమాట.

టెలిఫోన్ ఆపరేటర్ల కథ ఇంత సాఫీగా సాగలేదు. 20వ శతాబ్దం తొలినాళ్లలో అమెరికాలో యువతులకు ఎక్కువగా దొరికిన ఉద్యోగాల్లో ఇదొకటి. ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ సంస్థ ఒక్కో నగరంలో ఆటోమేటిక్ స్విచ్చింగ్ (మనిషి సాయం లేకుండా ఫోన్ కలిపే యంత్రం) పెట్టుకుంటూ వెళ్లడంతో ఆ ఉద్యోగాలు ఊరి తర్వాత ఊరిలో మాయమయ్యాయి. పరిశోధకులు జేమ్స్ ఫైగెన్‌బామ్, డేనియల్ గ్రాస్ పాత జనాభా లెక్కలను తిరగేసి చూస్తే రెండు విషయాలు బయటపడ్డాయి. కొత్తగా పనికోసం వచ్చిన అమ్మాయిలకు పెద్ద నష్టం జరగలేదు. సెక్రటరీ పనులు, హోటళ్లలో పనులు పెరగడంతో వారు అటు వెళ్లారు. అప్పటికే ఆపరేటర్లుగా ఉన్నవారిలో చాలామంది మాత్రం పదేళ్ల తర్వాత తక్కువ జీతం పనుల్లోనో, అసలు పని లేకుండానో ఉన్నారు.

శిక్షణ గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా కీలకం. మొత్తంగా ఉద్యోగాలు తగ్గవన్న మాట నిజమే కావచ్చు. ఇప్పుడు 45 ఏళ్ల వయసులో ఒకే పని చేస్తున్న మనిషికి ఆ మాట వల్ల ఒరిగేది తక్కువ. కాలేజీల్లో సిలబస్ మార్చడం రేపు వచ్చేవారికి పనికొస్తుంది. ఈపాటికే ఉద్యోగంలో ఉన్నవారి సంగతి పూర్తిగా వేరు. రెండింటినీ కలిపి ‘నైపుణ్యాభివృద్ధి’ అని ఒకే పేరుతో పిలవడం వల్లే సగం గందరగోళం.

ఖర్చు ఎవరిది?

కంపెనీలు తమ ఉద్యోగులకు తామే ఎందుకు నేర్పించుకోవు? ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లోనే దీనికి ఒక వివరణ ఇచ్చారు. ఒక సంస్థలో తప్ప బయట పనికిరాని నైపుణ్యం అయితే ఆ సంస్థ ఖర్చు పెట్టడానికి వెనకాడదు. ఎక్కడికి వెళ్లినా పనికొచ్చే నైపుణ్యం అయితే చిక్కు వస్తుంది. నేర్పించిన ఏడాదికే ఆ ఉద్యోగి నాలుగు రూపాయలు ఎక్కువిచ్చే పోటీ సంస్థలో చేరితే, నేర్పినవారికి మిగిలేది బిల్లే. కొత్త టెక్నాలజీకి సంబంధించిన నైపుణ్యాలు ఎక్కువగా ఈ రెండో రకానివి. అందుకే అవి కావాలని ప్రతి సంస్థా అంటుంది, పక్కవాడు నేర్పితే తీసుకుందామని చూస్తుంది.

జర్మనీ ఈ చిక్కును ఒప్పందాలతో దాటింది. 1969 నాటి చట్టం కింద అక్కడ 300కు పైగా గుర్తింపు పొందిన వృత్తులు ఉన్నాయి. కుర్రాళ్లు దాదాపు మూడేళ్లపాటు వారంలో కొన్ని రోజులు కంపెనీలో, కొన్ని రోజులు వృత్తి విద్యాలయంలో గడుపుతారు. ఏ వృత్తిలో ఏం నేర్పాలో యాజమాన్యాలు, కార్మిక సంఘాలు, ప్రభుత్వం కూర్చుని తేల్చుకుంటాయి. మెకానిక్ పని, ఎలక్ట్రికల్ పని, కంప్యూటర్ నియంత్రణ ఒకే యంత్రంలో కలిసిపోయినప్పుడు 1998లో ‘మెకాట్రానిక్స్’ అనే వృత్తినే కొత్తగా ఏర్పాటు చేశారు. చాలా సంస్థలు నేర్పుతాయి కాబట్టి ఒకరు వెళ్లిపోయినా ఇంకొకరు వస్తారు. పైగా అప్రెంటిస్‌కు ఇచ్చే భత్యం తక్కువ, అతను చేసే పని ఉపయోగపడుతుంది, ఉద్యోగం ఇచ్చేముందు మనిషిని మూడేళ్లు దగ్గర్నుంచి చూసినట్టూ ఉంటుంది.

ఈ పద్ధతికీ లోటు ఉంది. ఆర్థికవేత్త ఎరిక్ హనుషెక్ బృందం 2017లో 11 దేశాల సమాచారంతో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వృత్తి విద్య చదివినవారికి కుర్రతనంలో ఉద్యోగం తొందరగా దొరుకుతుంది కానీ వయసు పెరిగేకొద్దీ ఆ లాభం తగ్గి, సాధారణ విద్య చదివినవారే ముందుంటారు. ఒక పనిలో లోతుగా దిగినవారికి ఆ పనే మారిపోతే సర్దుకోవడం కష్టం కావడం ఇందుకు కారణమని ఆ పరిశోధకులు భావించారు.

మరికొన్ని దేశాలు డబ్బును నేరుగా ఉద్యోగి చేతికి ఇచ్చి, ఏం నేర్చుకోవాలో నువ్వే ఎంచుకో అన్నాయి. వినడానికి బాగుండే ఈ ఆలోచన అమల్లో చాలాసార్లు బెడిసికొట్టింది. బ్రిటన్ 2000లో వ్యక్తిగత శిక్షణ ఖాతాలు తెరిచింది. శిక్షణ సంస్థలకు సరైన తనిఖీ లేకపోవడంతో మోసాలు బయటపడి, 2001 నవంబర్‌లో ఇంగ్లండ్‌లో ఆ పథకాన్ని హఠాత్తుగా మూసేశారు. ఫ్రాన్స్‌లో ఉద్యోగి ఖాతాలో ఏటా సాధారణంగా 500 యూరోల చొప్పున శిక్షణ నిధి చేరుతుంది, గరిష్ఠంగా 5,000 వరకు. ఆ డబ్బు మీద కన్నేసిన దళారుల ఫోన్ల బెడద ఎంత పెరిగిందంటే, 2022 డిసెంబర్‌లో అలాంటి ఫోన్లు, మెసేజ్‌లను నిషేధిస్తూ చట్టమే చేయాల్సి వచ్చింది. 2024 నుంచి చాలామంది తమ జేబులోంచి కూడా 100 యూరోలు కట్టాలన్నారు.

సింగపూర్ ఈ విషయంలో కొంత జాగ్రత్తగా నడిచింది. 2015లో మొదలైన స్కిల్స్‌ఫ్యూచర్ పథకం కింద 25 ఏళ్లు దాటిన పౌరులకు, కోర్సు ఫీజులకు వాడుకునేలా 500 సింగపూర్ డాలర్ల క్రెడిట్ ఇచ్చింది. 2024లో 40 ఏళ్లు దాటినవారికి మరో 4,000 కలిపింది. ఈ రెండో మొత్తాన్ని ఏ కోర్సుకు పడితే ఆ కోర్సుకు వాడుకోలేరు, ఉద్యోగానికి దారితీసేవిగా ఎంపిక చేసిన వాటికే చెల్లుతుంది. 2025 నుంచి ఆ వయసువారు ఎంపిక చేసిన పూర్తికాల కోర్సుల్లో చేరితే, అంతకుముందు సగటు ఆదాయంలో సగం, నెలకు 3,000 డాలర్లకు మించకుండా భత్యం కూడా ఇస్తున్నారు. ఈ చివరి అంశానికి రావాల్సినంత ప్రచారం రాలేదు. ఇల్లు నడపాల్సిన మనిషిని ఆపేది చాలాసార్లు కోర్సు ఫీజు కాదు, కోర్సు జరిగినన్నాళ్లూ ఆగిపోయే జీతం.

చెయ్యి తిరగాలంటే చేతికి పని దొరకాలి

డబ్బు సమస్య తీరినా మిగిలిపోయే చిక్కు ఒకటుంది. శస్త్రచికిత్స గదిలో అది స్పష్టంగా కనిపిస్తుంది.

కడుపు కోసి చేసే పాత పద్ధతి ఆపరేషన్‌లో ఒక సీనియర్ సర్జన్ ఒక్కరే పని చేయలేరు. ఎదురుగా నిలబడిన జూనియర్ డాక్టర్ కణజాలాన్ని పక్కకు పట్టుకోవాలి, రక్తం తీసేయాలి, కుట్లు వేయాలి. సీనియర్‌కు ఆ చేతులు అవసరం కాబట్టి జూనియర్‌కు పని దొరికేది. నాలుగైదేళ్లలో పట్టుకోవడం నుంచి కోయడం దాకా ఎదిగేవారు. రోబోటిక్ సర్జరీ వచ్చాక ఆ అమరిక మారిపోయింది. సర్జన్ రోగికి కొన్ని అడుగుల దూరంలో కన్సోల్ (నియంత్రణ బల్ల) ముందు కూర్చుని, రోబో చేతులన్నింటినీ తానే నడుపుతారు. రెండో మనిషి సాయం చాలా తక్కువ చాలు. జూనియర్ తెర మీద చూస్తూ ఉంటారు. ఒకవేళ కాసేపు నియంత్రణ ఇచ్చినా, చిన్న తడబాటు కనిపించగానే సీనియర్ వెనక్కి తీసేసుకుంటారు. రోగి క్షేమం దృష్ట్యా అందులో తప్పు పట్టడానికీ లేదు. కానీ గట్టున కూర్చుంటే ఈత రాదు.

మాట్ బీన్ అనే పరిశోధకుడు ఈ మార్పును ఆసుపత్రుల్లో దగ్గర్నుంచి గమనించి 2019లో ప్రచురించారు. చాలామంది జూనియర్లు నిబంధనల ప్రకారం శిక్షణ పూర్తి చేసుకుని, చేతిలో అర్హత పత్రంతో, తగినంత నేర్పు లేకుండా బయటికి వస్తున్నారని తేలింది. కొద్దిమంది మాత్రం గట్టిగా నేర్చుకున్నారు. వారు పద్ధతిగా నేర్చుకున్నవారు కాదు. చదువుకునే రోజుల నుంచే రోబోల చుట్టూ తిరిగి, సిమ్యులేటర్ల (అసలు పనిని అనుకరించే సాధన యంత్రాల) మీద, ఆపరేషన్ల వీడియోల మీద గంటలకొద్దీ గడిపి, పర్యవేక్షణ తక్కువగా ఉన్న చోట్ల అవకాశం దొరికించుకున్నవారు. అంటే వ్యవస్థ నేర్పలేదు, కొందరు దాన్ని తప్పించుకుని నేర్చుకున్నారు.

విమానయానంలో ఇదే సమస్య ఇంకో రూపంలో వచ్చింది. ఆటోమేషన్ పెరిగేకొద్దీ మనిషికి మిగిలేవి యంత్రం చేయలేని అరుదైన, కష్టమైన సందర్భాలేనని మనస్తత్వ శాస్త్రవేత్త లిజాన్ బైన్‌బ్రిడ్జ్ 1983లోనే హెచ్చరించారు. మామూలు రోజుల్లో చేసే పనే లేనప్పుడు, ఆ కష్టమైన రోజుకు కావలసిన నేర్పు ఎక్కడి నుంచి వస్తుందన్నది ఆమె ప్రశ్న. 2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో వేగం కొలిచే గొట్టాలకు మంచు పలుకులు అడ్డుపడి ఆటోపైలట్ ఆగిపోయింది. విమానం చాలా ఎత్తులో ఉండగా దాన్ని చేత్తో నడపాల్సి వచ్చింది. ఐదు నిమిషాలైనా గడవకముందే అది అట్లాంటిక్‌లో పడి 228 మంది చనిపోయారు. అంత ఎత్తులో విమానాన్ని చేత్తో నడపడంలో పైలట్లకు తగిన శిక్షణ లేకపోవడాన్ని కూడా దర్యాప్తు ఎత్తిచూపింది. 2013 జనవరిలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ, వీలైనప్పుడల్లా పైలట్లను చేత్తో నడపనివ్వండని ఎయిర్‌లైన్స్‌కు సూచించింది.

ఇప్పుడు ఆఫీసుల్లోకి వస్తున్న కృత్రిమ మేధ సరిగ్గా ఈ పని నేర్చుకునే మెట్టునే తాకుతోంది. మొదటి డ్రాఫ్టు రాయడం, చిన్నచిన్న కోడ్ తప్పులు దిద్దడం, కట్టలకొద్దీ ఒప్పంద పత్రాలు చదివి ముఖ్యాంశాలు తీయడం, లెక్కలు సరిపోల్చడం లాంటివన్నీ ఫ్రెషర్లకు అప్పగించే పనులు. నిజానికి వాటిని ఎవరూ శిక్షణ కోసం ఇవ్వలేదు. పని కావాలి కాబట్టి ఇచ్చారు, నేర్పు దాని వెంట ఉచితంగా వచ్చింది. ఆ పని సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిపోయినప్పుడు ఆదా అయిన ఖర్చు ఏ ఖాతా పుస్తకంలోనైనా కనిపిస్తుంది. పోయిన నేర్పు మాత్రం ఎక్కడా నమోదు కాదు. అనుభవం ఉన్నవారిని బయటి నుంచి తెచ్చుకుందామని ఒక సంస్థ అనుకోవచ్చు. అన్ని సంస్థలూ అలాగే అనుకుంటే ఆ ‘బయట’ అనేది కొన్నేళ్లకు ఖాళీ అవుతుంది. బెకర్ చెప్పిన చిక్కే ఇది, ఈసారి ఇంకో మెట్టు లోపలికి వెళ్లిందంతే.

సాయం చేసే యంత్రం నేర్పుతుందా?

ఇందుకు ఎదురు వాదన కూడా ఉంది, అది తేలికైనదేమీ కాదు. యంత్రమే మంచి గురువు కావచ్చు కదా అన్నది ఆ వాదన. ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ కస్టమర్ సపోర్ట్‌లో పనిచేసే ఐదు వేల మందికి పైగా ఉద్యోగులపై ఆర్థికవేత్త ఎరిక్ బ్రిన్‌యాల్ఫ్‌సన్ బృందం చేసిన అధ్యయనం 2023లో బయటకు వచ్చింది. ఏం జవాబు చెప్పాలో సూచించే కృత్రిమ మేధ సాయంతో గంటకు పరిష్కరించే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తవారిలో, నైపుణ్యం తక్కువ ఉన్నవారిలో ఆ పెరుగుదల 34 శాతం. ఆరితేరినవారిలో దాదాపు ఏమీ లేదు. బాగా పనిచేసేవారి మాటతీరును యంత్రం గ్రహించి కొత్తవారికి అందించిందని పరిశోధకులు వివరించారు. సిస్టమ్ పనిచేయని సమయాల్లో కూడా, దాన్ని అంతకుముందు వాడినవారిలో మెరుగుదల కొంత నిలిచే ఉండడం గమనార్హం.

తుర్కియే (టర్కీ)లో సుమారు వెయ్యి మంది హైస్కూల్ విద్యార్థులపై జరిగిన ప్రయోగం మరో వైపు చూపింది. అడిగినదానికి జవాబిచ్చే మామూలు చాట్‌బాట్‌తో లెక్కలు చేసినవారు సాధనలో 48 శాతం మెరుగ్గా చేశారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు వాడనివారి కంటే 17 శాతం తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. జవాబు చెప్పకుండా దారి మాత్రమే చూపేలా మలచిన బాట్ వాడినవారికి ఆ నష్టం దాదాపు కలగలేదు.

రెండు ఫలితాలూ ఒకదానికొకటి అడ్డం కావు. కస్టమర్ సపోర్ట్‌లో ఉద్యోగి ప్రతి సూచననూ చదివి, ఎదుటివారికి తగ్గట్టు మార్చి, వెంటనే ఫలితం చూస్తారు. లెక్కల్లో విద్యార్థి జవాబు ఎత్తి రాసేస్తే ఆలోచించే పనే ఉండదు. కాబట్టి ఒక పరికరం నేర్పుతుందా, మొద్దుబారుస్తుందా అన్నది దాని తెలివి మీద కంటే, మనిషికి ఏ పని మిగిల్చారన్నదాని మీద ఆధారపడుతుంది.

ఫలితమిచ్చిన శిక్షణ ఎలా ఉంది?

విదేశీ పోటీ వల్ల ఉద్యోగం పోయినవారికి శిక్షణ, భత్యం ఇచ్చే పథకాన్ని అమెరికా 1962లోనే మొదలుపెట్టింది. 2012లో వచ్చిన ఒక మదింపు ప్రకారం, ఆ పథకంలో చేరినవారు నాలుగేళ్ల తర్వాత కూడా చేరనివారి కంటే తక్కువే సంపాదిస్తున్నారు. కొంత కారణం, శిక్షణలో గడిపిన కాలంలో వారికి సంపాదన లేకపోవడం. వేరే పద్ధతిలో జరిగిన తర్వాతి అధ్యయనంలో చెప్పుకోదగ్గ లాభమే కనిపించింది కానీ, పదేళ్లు తిరిగేసరికి అది కరిగిపోయింది. నేర్చుకున్న నైపుణ్యానికీ గడువు ఉంటుందనడానికి ఇదొక సూచన.

అదే దేశంలో మరో తరహా పథకాలు బాగా పనిచేశాయి. ఒక రంగంలోని యాజమాన్యాలతో ముందే మాట్లాడుకుని, వారికి ఎలాంటి మనుషులు కావాలో తెలుసుకుని, అందుకు తగ్గట్టు నేర్పి, ఉద్యోగంలో కుదిరేదాకా వెంట ఉండే కార్యక్రమాలివి. ఆర్థికవేత్త లారెన్స్ కాట్జ్ బృందం 2022లో ప్రచురించిన విశ్లేషణలో, వీటిలో చేరినవారి ఆదాయం 12 నుంచి 34 శాతం దాకా పెరిగినట్టు, ఆ పెరుగుదల నిలిచినట్టు తేలింది. అయితే ఇవి వచ్చినవారినందరినీ చేర్చుకోవు. కనీస చదువు, పట్టుదల ఉన్నాయో లేదో వడగట్టి తీసుకుంటాయి. అందువల్ల వీటిని పదింతలు చేస్తే ఫలితమూ అదే స్థాయిలో ఉంటుందనుకోవడం తొందరపాటే.

ఆ వడపోతలో బయటే ఉండిపోయేవారే అసలు ఇబ్బంది ఉన్నవారు. ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఓఈసీడీ అనే సంస్థ సర్వేల ప్రకారం నైపుణ్యం ఎక్కువ ఉన్న పెద్దల్లో సుమారు 58 శాతం మంది ఏడాదిలో ఏదో ఒక శిక్షణలో పాల్గొంటే, నైపుణ్యం తక్కువ ఉన్నవారిలో ఆ సంఖ్య 20 శాతం దగ్గరే ఉంది. మేనేజర్ ఆఫీసు సమయంలో వర్క్‌షాప్‌కు వెళ్తారు. షిఫ్టులో నిలబడే మనిషి అదే విషయాన్ని సెలవు రోజున, సొంత ఫోన్‌లో, సొంత డేటాతో చూడాలి.

ఏం లెక్కపెట్టాలి?

లక్షల మందికి శిక్షణ ఇచ్చామన్న ప్రకటనలు ఇకపై ఇంకా పెరుగుతాయి. ఆన్‌లైన్ వీడియో చూపించి సర్టిఫికెట్ ఇవ్వడానికి ఖర్చు తక్కువ, లెక్క చెప్పుకోవడానికి తేలిక. ఆ ప్రకటనల్లో సాధారణంగా కనిపించని సంగతులు కొన్ని ఉన్నాయి. నేర్చుకున్నవారిలో ఎంతమంది ఆ పనిలోకి మారారు, నేర్చుకున్న గంటలకు జీతం ఇచ్చారా, సంస్థ ఈ ఏడాది ఎంతమంది కొత్తవారిని తీసుకుంది, వారి చేతికి ఏ పని ఇచ్చింది అన్నవి తెలిస్తే అసలు పరిస్థితి బోధపడుతుంది.

సాధనను లెక్కపెట్టే అలవాటు కొన్ని రంగాలకు ఉంది. అమెరికాలో జనరల్ సర్జరీ రెసిడెంట్ (శిక్షణలో ఉన్న డాక్టర్) కనీసం 850 పెద్ద ఆపరేషన్లలో పాల్గొని నమోదు చేసుకోవాలి. అక్కడి ఎయిర్‌లైన్ పైలట్‌కు సాధారణంగా 1,500 గంటల విమానయాన అనుభవం ఉండాలి, ఉద్యోగంలో చేరాక కూడా సిమ్యులేటర్ పరీక్షలు తప్పవు. ప్రమాదం జరిగితే ప్రాణాలు పోయే రంగాలు కాబట్టి చట్టం జోక్యం చేసుకుంది. ఆడిటింగ్, న్యాయ సేవలు, ఇంజనీరింగ్ డిజైన్ లాంటి చోట్ల కొన్నింటిలో సీనియర్ వద్ద గడపాల్సిన కాలం లెక్కలో ఉంది, ఆ కాలంలో చేతితో ఏం చేశారన్నది పెద్దగా లేదు. పని యంత్రం చేస్తుంటే పక్కన కూర్చున్న రెండేళ్లు కూడా రెండేళ్ల అనుభవం కిందికే వస్తాయి. రోబోటిక్ సర్జరీలో జూనియర్ల పేర్లు నమోదు పుస్తకంలో పద్ధతిగానే ఎక్కాయి, కన్సోల్ మీద మాత్రం వారి చేతులు ఎక్కువసేపు లేవు. గంటల లెక్క నుంచి చేసిన పని లెక్కకు మారాలంటే అనుమతులిచ్చే వృత్తి సంఘాలు, బోర్డులు తమ నిబంధనలను తిరగరాయాలి. జర్మనీలో ఒక వృత్తి పాఠ్యాంశాన్ని సవరించడానికి మూడు పక్షాలు కూర్చుంటాయి. మిగతా చాలాచోట్ల అలా కూర్చునే వేదికే ఇంకా లేదు.